తొమ్మిది గాట్లు

మాఘమాసం మొదలైన పది రోజుల్లోపు శేషగిరికి ఒక ఫోను వస్తుంది.

"కాయ వచ్చిందండీ" అంటుంది సుందరి.

"సరే, ఆదివారం వస్తాను" అంటాడు శేషగిరి.

ఆ మొగుడూ పెళ్ళాలు ఏడాది మొత్తానికి మాట్లాడుకునే మాటలు ఇంచుమించు అవే. ఆ ఒక్క ఫోను కోసం అతను పుష్యం సగంలోంచే ఎదురుచూపులు మొదలుపెడతాడని, స్నానానికి వెళ్తే కూడా ఫోను బాత్రూము కిటికీలో పెట్టుకుంటాడని ఆమెకి తెలియదు. తెలిస్తే ఏమనేదో అతనికీ తెలియదు.

బాలాత్రిపురసుందరి బందరులో టీచరు. గొడుగుపేటలో శేషగిరి తండ్రి కట్టించిన ఇంట్లోనే ఉంటుంది. పిల్లల్లేరు. శేషగిరి గుడివాడలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. ఏడేళ్ళ కిందట ప్రమోషను మీద వెళ్ళాడు. రెండేళ్ళలో మళ్ళీ బందరు వేయించుకుంటానన్నాడు. మొదట్లో ప్రతి శనివారం వచ్చేవాడు. తరవాత వారం విడిచి వారం. ఆ తరవాత పని ఉంటేనే రావడం మొదలైంది. ఇంటిపన్ను కట్టాలి, డాబా కారుతోంది, ఎవరిదో పెళ్ళి. పనులన్నీ సుందరే చక్కబెట్టుకోవడం నేర్చుకునేసరికి అతనికి రావడానికి ఏమీ మిగల్లేదు. గొడవ పడ్డారా అంటే లేదు. గొడవ పడి ఉంటే రాజీ పడడానికైనా ఒకరోజు వచ్చేవాడు. రమ్మని ఆమె అంటుందని అతను, వస్తానని అతనంటాడని ఆమె చూస్తూ కూర్చున్నారు. గుడివాడ నుంచి బందరుకి గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి అతనికి ఏడాది పట్టేది.

మిగిలిందల్లా బూడిద గుమ్మడికాయ.

గుమ్మడికాయకి తొలి గాటు ఆడది పెట్టకూడదు. ఎందుకని శేషగిరి తల్లిని అడిగితే "కూడదు" అనేది, అదే జవాబు. మగవాడు ఒక్క దెబ్బ వేసి కాయని రెండు చెక్కలు చెయ్యాలి. ఆ తరవాత ముక్కలు తరుక్కోవడమంతా ఆడవాళ్ళ పని. అత్తగారు పోయి పదకొండేళ్ళయినా సుందరి ఆ పద్ధతి తప్పలేదు. ఏటా వడియాలకి కాయ తెప్పించి, మొగుడు వచ్చి కొట్టేదాకా దాన్ని గది మూల చుట్టకుదురు మీద కూర్చోబెట్టి ఉంచేది.

ఏటా అతను వెళ్తాడు. అటక మీంచి పెద్ద కత్తి దించుతాడు. కాయని అటూ ఇటూ దొర్లించి, తొడిమ దగ్గర గురిచూసి, ఒక్కటి వేస్తాడు. ఒక్కటే. కాయ నోరు తెరుచుకున్నట్టు విడిపోతుంది. అప్పుడు సుందరి ఓ క్షణం అతని వంక చూస్తుంది. ఆ చూపు కోసమే తను పదకొండు నెలలు చెయ్యి దాచుకుంటున్నాడేమో అని అతనికి ఒక్కోసారి అనిపించేది. తరవాత కాఫీ, ఉప్మా, పేపరు. పన్నెండింటి బండికి తిరుగు ప్రయాణం. అతను చెప్పులు తొడుక్కునే వేళకి సుందరి కత్తిపీట ముందు కూర్చుని ఉంటుంది. బండెక్కాక కూడా ఆ తరిగే చప్పుడు చెవుల్లోనే ఉంటుంది, చెరువు గట్టుకి నీళ్ళు తగులుతున్నట్టు మెత్తగా.

పదిహేను రోజుల తరవాత ఎవరో ఒకరి చేత డబ్బాడు వడియాలు పంపుతుంది. శేషగిరి రోజుకి రెండు చొప్పున వేయించుకుంటాడు. కార్తీకం దాకా రావాలని లెక్క. నూనెలో వేసేముందు ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి పట్టి చూసే అలవాటు పడింది. మినప్పిండిలో చిక్కుకుని గుమ్మడి ముక్కలు కనిపిస్తాయి. సుందరి ముక్క శనగబద్దలో సగం ఉంటుంది, ఏ ముక్కకా ముక్క కొలిచి కోసినట్టు. మూడో ఏడు పంపిన డబ్బాలో మాత్రం ముక్కలు చింతగింజలంత ఉన్నాయి. కొన్ని ఏటవాలుగా తెగాయి. కొన్నిటికి తొక్క విడిపోయింది. ఆమెకి ఏదో అయిందని అతనికి ఆ వడియం పట్టుకున్నప్పుడే తెలిసింది. ఫోను తీశాడు. ఏమని అడగాలి? వడియాల్లో ముక్కలు పెద్దవిగా ఉన్నాయేం అనా? ఫోను పెట్టేశాడు. ఆ చలికాలమంతా ఆమె కుడి భుజం పట్టేసి చెయ్యి పైకెత్తలేకపోయిందని ఆరు నెలల తరవాత పెళ్ళిలో ఎవరో చెప్పారు. ఆ ఏటి వడియాలు అతను ముందు ఏళ్ళకన్నా నెమ్మదిగా తిన్నాడు. అదొక ప్రాయశ్చిత్తం అనుకున్నాడు. అలా తిన్నంత మాత్రాన ఆమె భుజానికి ఒరిగిందేమీ లేదని కూడా అనుకున్నాడు.

ఈ ఏడూ ఫోను వచ్చింది. ఆదివారం పొద్దున్న ప్యాసింజరు బండెక్కాడు. కౌతరం దాటాక రెండో పంట మినుము పచ్చగా పరుచుకుని ఉంది. పెడనలో నేత పంచెల మూటలు ఎక్కాయి. దారి పొడుగునా కుడి అరచెయ్యి తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు అరుగు మీద పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. గిలకలదిండి రేవులో చేపలు కొని ఊళ్ళో అమ్ముతుంది. ఆమె మనవరాలు దివ్యశ్రీ సుందరి దగ్గరే చదువుకుని ఇప్పుడు కాలేజీలో చేరింది. ఆ అభిమానంతో ఏటా నాగాయలంక వైపున్న తమ్ముడి చేత గుమ్మడికాయ తెప్పించి మోసుకొచ్చి ఇచ్చేది ఆమే. దివిసీమ ఇసక నేలలో కాసిన కాయకి నీరు తక్కువ, కండ ఎక్కువ.

"అయ్యగారొచ్చారండోయ్ టీచరమ్మగారూ!" అని లోపలికి కేకేసి, పెద్దింట్లమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈయేడు అయ్యగారికి పని తప్పిందండీ."

అతనికి అర్థం కాలేదు. లోపలికి వెళ్ళాడు.

హాల్లో పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద గుమ్మడికాయ రెండు చెక్కలై ఉంది.

శేషగిరి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొట్టమొదట అటక వైపు చూశాడు. పెద్ద కత్తికి చుట్టిన గోనెగుడ్డ మీద దుమ్ము దుమ్ముగానే ఉంది. మళ్ళీ కాయ వైపు చూశాడు. పొరబాటున వేరేవాళ్ళ ఇంటికి వచ్చినట్టనిపించింది.

"రండి. కాఫీ ఇస్తాను" అంటూ వంటింట్లోంచి వచ్చింది సుందరి. పండు మిరపకాయ రంగు అంచున్న తెల్ల చీర. జుట్టులో తెలుపు, గిన్నెలో పంచదార పోసినట్టు ఒక్క చోటే ఉంది, పాపిట పక్కన. అది పోయినేడు లేదు.

"కొట్టేశారా?" అన్నాడు.

"ఆఁ, అయిపోయింది."

అయిపోయింది. ఎవరు కొట్టారో ఆ మాటలో లేదు. శేషగిరి కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ తీసుకున్నాడు. ఆడది కొట్టదు కనక మగవాడు కొట్టాడు. ఇంట్లో మగవాడు లేడు. అయితే ఎవరు? అతని ఆలోచన మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళింది. మేడ మీద గదిలో పోయినేడు నుంచి అనంతకృష్ణ అనే లెక్చరరు అద్దెకుంటున్నాడు. భార్య పోయింది. పోయినసారి వచ్చినప్పుడు పేపరు ఇవ్వడానికి కిందకి దిగి "మీరేనా సార్" అన్నాడు. అప్పుడు ఆ మాటకి ఏ అర్థమూ తోచలేదు. ఇప్పుడు నాలుగైదు తోచాయి.

అతని మనసు ఒక బొమ్మ గీసుకుంది. చొక్కా చేతులు పైకి మడిచిన అనంతకృష్ణ. కాయ దొర్లకుండా రెండు చేతులతో పట్టుకున్న సుందరి. దెబ్బ పడ్డాక అతని వంక ఆమె ఓ క్షణం చూడడం. ఈ ఆఖరి ముక్క దగ్గర శేషగిరి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇంత బాధలోనూ ఒక మూల ఏదో వెచ్చగా ఉంది. ఏళ్ళ తరబడి పాడుపెట్టిన గదిలో దీపం పెడితే బూజు కనిపిస్తుంది, గది కూడా కనిపిస్తుంది. తనకి ఆమె మీద ఇంకా ఇంత ఉందా అని అతను విస్తుపోయాడు.

"మేడ మీదాయన ఉన్నారా?" అన్నాడు మామూలుగా.

"ఉండే ఉంటారు. ఏం?"

"ఊరికే."

సుందరి కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. ఒక చెక్క తీసి బద్దలు కోసింది. గింజలూ దూదీ గీకేసింది. బద్దని నిలువునా సన్నటి పుల్లలు చేసింది. నాలుగు పుల్లలు కలిపి గుప్పిట్లో పట్టుకుని కత్తిపీట అలుగుకి అడ్డంగా తోసింది. ముక్కలు జలజలా పళ్ళెంలోకి రాలాయి.

ఇప్పుడు పేపరు చదివి వెళ్ళిపోవాలి. పేపరు టీపాయ్ మీదే ఉంది. కాని కొట్టినవాడి పేరు తెలియకుండా వెళ్తే గుడివాడ గదిలో ఆ బొమ్మతో ఏడాది కాపరం చెయ్యాలి.

"అమ్మ కత్తిపీట ఉందా?" అన్నాడు.

"ఎందుకు?"

"నేనూ తరుగుతాను."

అరుగు మీంచి పెద్దింట్లమ్మ లోపలికి తొంగిచూసింది. "అయ్యో బాబుగారూ, వేళ్ళు జాగ్రత్తండి. వడియాల్లో నీసు తగుల్తాది."

సుందరి నవ్వలేదు. లేచి వెళ్ళి, మంచం కింద నుంచి అత్తగారి కత్తిపీట లాగి, తుడిచి, తన ఎదురుగా వేసింది.

శేషగిరి పీట మీద ఒక కాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ళ మోకాలు ఒప్పుకోలేదు. పుల్లలు పట్టుకుని తోశాడు. పడ్డవి ముక్కలు కావు, పాచికలు.

"అంతంత వేస్తే వడియం పొంగదు. మధ్యలో పచ్చి ఉండిపోతుంది" అంది సుందరి. "గట్టిగా పట్టుకోకండి. కాయ ఎక్కడికీ పోదు. అలుగు మీదికి మీరు వెళ్ళకూడదు, దాన్ని పంపించాలి. ఆఁ, అలా. ఇంకొంచెం సన్నం."

"ఇంతా?"

"అందులో సగం."

సగం చేశాడు. అందులోనూ సగం కావాలంది. అతను కోసిన వాటిల్లోంచి పెద్ద ముక్కలు ఏరి తన పళ్ళెంలో వేసుకుని మళ్ళీ తరుగుతోంది, కాంపోజిషన్లు దిద్దినట్టు. అరగంటకి నడుము పట్టేసింది. గంటకి వేళ్ళ చివర్లు చల్లబడి, నాని, ముడతలు పడ్డాయి. ఒక చెక్కలో పావు వంతు కూడా కాలేదు. ఇంత పని ఉంటుందని అతనికి తెలియకపోలేదు. తెలుసు, పక్క ఊళ్ళో వాన పడుతుందని తెలిసినట్టు. ఒక్క దెబ్బ వేసి ఇంటి పని చేశాననుకుని బండెక్కిన ఆరు మధ్యాహ్నాలూ ఆ ముడతల వేళ్ళలోంచి అతనికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. భుజం పట్టేసిన ఏడు కూడా.

చేతులు పనిలో పడ్డాక ఇద్దరి తరుగూ కలిసి వినపడసాగింది. ఒకటి వడిగా, ఒకటి నిదానంగా. మాట్లాడాల్సిన అవసరం లేని ఆ చప్పుడులో అతనికి హాయిగా ఉంది. ఉన్నకొద్దీ ఆ మేడ మీది మనిషి మరీ గుచ్చుకుంటున్నాడు.

రెండో చెక్క చేతిలోకి తీసుకున్నప్పుడు దాని అంచు చూశాడు. తొక్క మీద గాట్లున్నాయి. ఒకటి కాదు. తొడిమ దగ్గర రెండు పైపైన గీసుకుపోయాయి. పక్కన ఒకటి వంకర తిరిగింది. మరొకటి సగం దిగి ఆగిపోయింది. లెక్కపెట్టాడు. తొమ్మిది.

ఇక ఆపుకోలేకపోయాడు.

"ఎవడో గాని శుద్ధ చేతకానివాడు" అన్నాడు. "ఇదేమన్నా కొట్టడమా? తొమ్మిది గాట్లు! కాయని చిత్రవధ చేశాడు. గుమ్మడికాయ మీద చెయ్యి వెయ్యడానికి ఓ దమ్ముండాలి. పుస్తకాలు పట్టుకునే చేతులు, పాపం."

సుందరి చెయ్యి ఆగింది.

"ఎవరి సంగతి మీరు చెప్పేది?"

"ఎవరైతే నాకేం? నీ మొహమాటం కొద్దీ పిలిచి ఉంటావు. ఆయనా కాదనలేక వచ్చి ఉంటాడు."

అరుగు మీద పెద్దింట్లమ్మ ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నవ్వుతూనే లోపలికి వచ్చి గోడకి చేరగిలబడింది. "అయ్యో నా తండ్రీ! ఇంకెవరండీ కొట్టేది? టీచరమ్మగారే! పొద్దున్నే నేను వచ్చేసరికి కొబ్బరికాయల కత్తి పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. వద్దమ్మా, మా చిన్నోణ్ణి పిలుస్తానన్నా. వింటేనా!"

శేషగిరి సుందరి వంక చూశాడు. ఆమె పళ్ళెంలోకి చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వా?"

"చేతకానిదాన్నే" అంది. "పుస్తకాలు పట్టుకునే చేతులే."

"మీకే అండీ ఇన్ని శాస్త్రాలు" అంది పెద్దింట్లమ్మ, ఇద్దరి మధ్యా గాలి బరువెక్కడం చూసి. "మా చేపకి లేవు. ఆడది కోసినా మగాడు కోసినా చచ్చిందే. సరేనమ్మా, నాకు బేరాలున్నాయి." బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

మేడ మీది మనిషి ఒక్క క్షణంలో మాయమైపోయాడు. తేలిగ్గా ఉండాల్సింది. లేదు. ఇంకో మగవాడు కొట్టి ఉంటే ఆ మగవాడి చోటు తనది. వచ్చే ఏడు లాక్కోవచ్చు. అసలు మగవాడే అక్కర్లేకపోతే ఆ చోటే లేదు. ఈ ఇంటికి రావడానికి మిగిలిన ఒక్క కారణాన్నీ ఆమె తొమ్మిది దెబ్బల్లో కొట్టేసింది.

"కూడదు కదా" అన్నాడు. అతని గొంతులో తల్లి గొంతు వినపడింది.

"కూడదనే ఇన్నాళ్ళూ ఆగాను."

"మరి నన్నెందుకు పిలిచావు? కాయ వచ్చిందని ఫోను చేశావుగా."

సుందరి ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపింది. "చేశాను. చేశాక రెండు రాత్రులు పడుకోలేదు. ఆరేళ్ళ నుంచి చూస్తున్నానండీ. మీరొస్తారు, గుమ్మంలోంచి తిన్నగా కాయ దగ్గరికి వెళ్తారు. 'బాగుందే, ఈసారి పెద్దదే' అంటారు. దాన్నే అంటారు. కాయ లేకపోతే ఎవరి వంక చూస్తారో చూద్దామనిపించింది. కొట్టేశాను. మొదటి దెబ్బ తొక్క మీద జారిపోయింది. మీ అమ్మగారు వెనక నుంచున్నట్టే ఉంది. నాలుగో దెబ్బకి ఏడుపొచ్చింది. తొమ్మిదో దెబ్బకి కాయ విడింది."

తరవాత చాలాసేపు మళ్ళీ తరగడమే. శేషగిరి ముక్కలు ఇప్పుడు సన్నగా పడుతున్నాయి. తను చూడకపోయినా పడుతున్నాయి. తనెవరి వంక చూశాడు? పొద్దున్న గుమ్మంలోంచి మొదట అటక వంక చూశాడు. తరవాత కాయ వంక. ఆ తరవాతే ఆమె. పాపిట పక్కన తెల్ల వెంట్రుకలు చూశాడు గాని చూశానని చెప్పలేదు.

మూడున్నరకి తరగడం పూర్తయింది. సుందరి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టింది. అతను రుబ్బురోలు పొత్రం ఎత్తి మూట మీద పెట్టాడు. నీరు సన్నటి ధారగా తూములోకి పారింది.

"రేపు పొద్దున్నేగా పిండి కలిపేది?" అన్నాడు.

"ఆఁ. పప్పు నానబోయాలి ఇంక."

"రేపు సెలవు పెట్టేదా? డాబా మీద వడియాలు పెట్టడానికి మనిషి సాయం ఉండాలి. నీ భుజం..." అని ఆగాడు. ఆ మాట నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చిందని తెలుస్తూనే ఉంది.

సుందరి అతని వంక చూసింది. కాయ విడినప్పటి చూపు కాదిది. ఇంకా ఎక్కువసేపు చూసింది.

"వద్దండీ" అంది. "వడియాల పని ఉందని ఉంటారు. ఎండిపోగానే వెళ్తారు. మళ్ళీ నేను పని వెతకాలి. నాకింక వెతకడం చేతకాదు." చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంది. "ఇవన్నీ ఎండి డబ్బాలకెక్కాక, ఇంట్లో మీకు చెయ్యడానికి పుల్లంత పని లేని రోజు చూసి రండి. వస్తే."

బండిలో అతనికి కిటికీ సీటే దొరికింది. బయట ఏమీ చూడలేదు. వేళ్ళకి గుమ్మడి వాసన ఉండిపోయింది. పచ్చి వాసన, వానకి తడిసిన పలకలాంటిది. ఏ రోజు వెళ్ళాలి? శనివారం వెళ్తే కరెంటు మోటారు సంగతి చూడొచ్చు. కాదు. శివరాత్రికి? అదీ కాదు. కారణం తగిలించని రోజు ఒక్కటీ దొరకడం లేదు అతనికి. ఇన్నేళ్ళూ తను కారణాలు లేక వెళ్ళలేదనుకున్నాడు. నిజానికి చేతిలో ఏదో ఒకటి అడ్డం పెట్టుకోకుండా ఆమె ఎదుట నిలబడడానికి భయం. ఉత్త చేతుల్తో వెళ్ళి, ఆమె "దేనికొచ్చారు" అంటే, "నీ కోసం" అనాలి. ఆ తరవాత ఆమె ఏమంటుందన్నది ఆమె ఇష్టం.

పది రోజులాగాడు. ఒక బుధవారం సెలవు పెడుతుంటే సెక్షనులో పనిచేసే రమ్య కంప్యూటరులోంచి తలెత్తింది.

"సార్, కారణం రాయలేదండీ."

"లేదమ్మా."

"లేదంటే ఊరుకోదు సార్ ఇది. ముందుకెళ్ళదు. సొంత పని అని కొట్టేదా?"

"వద్దు. పని కాదు."

"మరి?"

"చుక్క పెట్టి చూడు."

రమ్య చుక్క పెట్టింది. ముందుకెళ్ళింది.

గురువారం బందరులో దిగాడు. కోనేరు సెంటరులో అలవాటు కొద్దీ పళ్ళ బండి దగ్గర ఆగాడు. జామకాయలు చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టేశాడు. "ఏమండీ, బాలేవా?" అన్నాడు బండివాడు. "బాగున్నాయి" అని ముందుకి నడిచాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. గురువారం బడి ఉంటుందన్న సంగతి అతనికి తట్టనేలేదు. ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. డాబా మీంచి వడియాల గుడ్డలు తీసేసినట్టున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు మోకాళ్ళ మీద, కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండ అరుగు దాటి గోడెక్కింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు. లేచి వెళ్ళిపోదామని మూడుసార్లు అనిపించింది. మూడుసార్లూ వెళ్ళడానికి కారణం కూడా దొరికింది.

నాలుగున్నరకి వీధి మలుపులో సుందరి కనిపించింది. ఒక భుజానికి సంచీ, రెండో చేతిలో గొడుగు. అతన్ని చూసి నడక తగ్గించింది. ఆగలేదు. దగ్గరికి వచ్చి, అతని చేతుల వంక, పక్కన అరుగు వంక, గుమ్మం వంక చూసింది. సంచీ గాని పొట్లం గాని ఎక్కడా లేదు.

"ఎప్పుడొచ్చారు?"

"పదకొండుకి."

"ఫోను చెయ్యచ్చుగా. దేనికొచ్చారు?"

బండిలో పదిసార్లు చెప్పుకున్న 'నీ కోసం' రాలేదు. శేషగిరి ఆమె పాపిట పక్కకి చెయ్యి చూపించాడు. "ఇక్కడ తెల్లబడింది" అన్నాడు. "మొన్నే చూశాను. చెప్పలేదు."

సుందరి తల మీద చెయ్యి వేసుకుని తడుముకుంది. సంచీ దించి అరుగు మీద పెట్టి, దాని పక్కన తనూ కూర్చుంది. బడి నుంచి నడిచి వచ్చిన ఆయాసం నెమ్మదిగా తగ్గుతోంది.

కొంతసేపటికి అతనే అన్నాడు, "తాళం తియ్యవా?"

"తీస్తాను లెండి. పనేం లేదుగా, తొందరేం?"